టెక్ సందేహాలు: ఫిట్‌నెస్ కోచ్‌కి ఎలాంటి వెబ్‌సైట్ కావాలి?

ప్రశ్న: ఏడేళ్లు జిమ్‌లో ట్రైనర్‌గా చేసి, ఈ మధ్యే సొంతంగా కోచింగ్ మొదలుపెట్టాను. విజయవాడలో కొందరు ఆడవాళ్లకు ఇంటికి వెళ్లి నేర్పిస్తున్నాను. డాలస్‌లో ఉండే నలుగురు తెలుగువాళ్లకు వీడియో కాల్‌లో చెబుతున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు బాగానే ఉన్నారు కానీ ఫీజు కట్టి చేరేవాళ్లు తక్కువ. వెబ్‌సైట్ పెట్టమని అందరూ అంటున్నారు. ఒక డిజైనర్‌ని అడిగితే పది పేజీలు, స్లైడర్లు, బ్లాగు, యాప్ అన్నీ కలిపి ₹45 వేలు అన్నారు. నాకు నిజంగా ఏం కావాలి? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పది పేజీలు వద్దండి. ఆ ₹45 వేలు ఇప్పుడే ఖర్చు పెట్టకండి. మీకు కావాల్సింది ఫోన్‌లో చక్కగా తెరుచుకునే ఒక్క పేజీ, మీ పేరు మీద ఒక డొమైన్ (అంటే సొంత వెబ్ అడ్రసు), అంతే. యాప్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వారానికి మూడు రోజులు మీతో మాట్లాడే క్లయింటుకి వాట్సాప్ సరిపోతుంది.

మీ సైటు ఎవరు తెరుస్తారో ఒకసారి ఊహించుకోండి. రాత్రి పదిన్నర. పిల్లలు పడుకున్నారు. రెండో కాన్పు తర్వాత పెరిగిన బరువు తగ్గలేదు, మోకాళ్లు నొప్పి. జిమ్‌కి వెళ్దామంటే అక్కడ అందరూ తననే చూస్తారేమోనని బెరుకు. వాళ్ల పిన్ని కూతురు మీ లింకు వాట్సాప్‌లో పంపింది. ఆమె మంచం మీద పడుకుని, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చూస్తోంది. ఆమె మనసులో ఉన్నవి నాలుగే ప్రశ్నలు. ఈవిడెవరు? నాలాంటి దాన్ని చేర్చుకుంటుందా? ఫీజెంత? ముందు ఒకసారి మాట్లాడొచ్చా? ఇన్‌స్టాగ్రామ్‌లో మీ రీల్స్ ఆమె చూసే ఉంటుంది. కానీ ఈ నాలుగింటికీ అక్కడ ఒకేచోట జవాబు దొరకదు. చూసేవాళ్లు ఉండి చేరేవాళ్లు లేకపోవడానికి ముఖ్య కారణం ఇదేనని నా నమ్మకం.

కాబట్టి పేజీ తెరవగానే, వేలు కదపకముందే కనిపించే చోట రెండు వాక్యాలు, ఒక ఫొటో, ఒక బటన్ పెట్టండి. 'కొత్త జీవితానికి స్వాగతం' లాంటి మాటలు వద్దు. అవి ఏ కోచ్‌కైనా సరిపోతాయి కాబట్టి మీ గురించి ఏమీ చెప్పవు. ఇలా రాయండి: 'విజయవాడలో మీ ఇంటికే వచ్చి, వేరే ఊళ్లో ఉంటే వీడియో కాల్‌లో, మహిళలకు వ్యాయామం నేర్పిస్తాను. ఇంతకు ముందు ఎప్పుడూ చేయకపోయినా ఫర్వాలేదు.' ఆ రెండో వాక్యం చదివాకే ఆమె బెరుకు కాస్త తగ్గుతుంది. ఫొటో మీదే ఉండాలి, అదీ నేర్పిస్తూ ఉన్నది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే విదేశీ మోడళ్ల ఫొటోలు పెడితే 'ఇది మనకు కాదులే' అని వెనక్కి వెళ్లిపోతారు. చుడీదార్‌లో ఉన్న ఒక పెద్దావిడకు కుర్చీ పట్టుకుని కూర్చుని లేవడం నేర్పిస్తున్న ఫొటో ఉంటే (ఆవిడ అనుమతి తీసుకుని) అంతకంటే మంచిది దొరకదు.

బటన్ మీద 'వాట్సాప్‌లో అడగండి' అని ఉండాలి. దీనికి డిజైనర్ అక్కర్లేదు. డబ్ల్యూఏ డాట్ ఎంఈ అనే అడ్రసు, ఒక స్లాష్, ఆ తర్వాత 91తో మొదలుపెట్టి మీ నంబరు. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ఆ లింకు చివర 'నమస్తే, కోచింగ్ గురించి తెలుసుకోవాలి' లాంటి మాట ముందే పెట్టుకునే వీలు కూడా ఉంది. ఏం రాయాలో తెలియక ఆగిపోయేవాళ్లకి అదే పెద్ద సాయం. ఇంట్లో వాడే ఫోన్ నంబరు ఇవ్వకుండా వేరే సిమ్ మీద వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి. రాత్రిపూట వచ్చే మెసేజీలకు 'ఉదయం పదింటికి జవాబిస్తాను' అని అదే చెబుతుంది, మీకూ టెన్షన్ ఉండదు.

ఫీజు రాయాలా వద్దా అని చాలామంది తటపటాయిస్తారు. రాయండి. 'ఫీజు వివరాలకు సంప్రదించండి' అని ఉంటే మొహమాటపడేవాళ్లు అడగరు. అడిగినవాళ్లలో సగం మందికి మీరు అదే మాట పదేపదే చెప్పాలి. నెలకు ఎన్ని క్లాసులు, ఒక్కోటి ఎంతసేపు, ఎంత, మధ్యలో ఊరెళితే క్లాసు ముందుకు జరుపుతారా లేదా, ఈ నాలుగూ స్పష్టంగా ఉంటే చాలు. ఏయే కాలనీలకు వస్తారో కూడా రాయండి.

డాలస్ క్లయింట్ల టైమింగ్ దగ్గర ఒక చిక్కుంది. మన ఉదయం ఆరున్నర అంటే వేసవిలో వాళ్లకు ముందురోజు రాత్రి ఎనిమిది. నవంబరులో వాళ్లు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు అదే క్లాసు వాళ్లకు ఏడింటికి పడుతుంది. ఆఫీసు నుంచి ఇల్లు చేరకముందే క్లాసు మొదలైపోతే మానేస్తారు. సైటులో 'ఉదయం 6:30' అని ఊరికే రాయకుండా, గూగుల్ క్యాలెండర్‌లోని అపాయింట్‌మెంట్ పేజీ లింకు పెట్టండి. చూసేవాళ్ల ఊరి సమయం ప్రకారం ఖాళీలు కనిపిస్తాయి.

ఇక ముందు–తర్వాత ఫొటోల సంగతి. బరువు తగ్గిన క్లయింట్ల ఫొటోలు పక్కపక్కన పెట్టమని మీ డిజైనర్ చెప్పే ఉంటారు. నేను వద్దంటాను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లో అలాంటి ఫొటోలను వాటి యజమాని మెటా ఒప్పుకోదు, రేపు మీరు ప్రకటన ఇవ్వాలనుకుంటే అడ్డు. అంతకంటే ముఖ్యం, ఆ ఫొటోలోని మనిషి ఇవాళ సరేనన్నా రెండేళ్ల తర్వాత తన పెళ్లి సంబంధం వేళ అది గూగుల్‌లో కనిపిస్తే ఎంత బాధపడుతుందో ఆలోచించండి. దానికి బదులు వాళ్ల మాటలు పెట్టండి. 'మూడో అంతస్తుకి మెట్లెక్కలేకపోయేదాన్ని, ఇప్పుడు కూరల సంచితో ఎక్కుతున్నాను' అని ఒకావిడ చెబితే, మోకాళ్ల నొప్పితో ఉన్న ఇంకొకావిడకి అది సూటిగా తగులుతుంది. కిలోల లెక్క అలా తగలదు. పేరు పూర్తిగా వేయకపోయినా ఫర్వాలేదు, మాట మాత్రం నిజంగా వాళ్లదే అయి ఉండాలి.

మీ సర్టిఫికెట్ ఏ సంస్థ ఇచ్చిందో, ఏ ఏడాదో ఒక వరుసలో రాయండి. గుర్తింపు ఉన్న సంస్థల సర్టిఫికెట్లు ఉన్న ఫిట్‌నెస్ నిపుణులు ప్రచారం చేసేటప్పుడు ఆ సంగతి వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టరు సలహాకు ఇది బదులు కాదన్న మాటా చేర్చండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు మీ దగ్గరకు ఎలాగూ వస్తారు.

ఆరోగ్య వివరాల ఫారం మొదటి పేజీలో పెట్టకండి. ముప్పై గళ్లు చూస్తే పేజీ మూసేస్తారు. మాట్లాడి, చేరతానన్నాక విడిగా పంపండి. గుండె నొప్పి, తల తిరగడం, కీళ్ల సమస్య, వాడుతున్న మందులు అడిగే పార్‌క్యూ అనే ఏడు ప్రశ్నల పత్రం ట్రైనర్లందరికీ తెలిసిందే, దాన్నే గూగుల్ ఫారంగా చేసుకోవచ్చు. జవాబులు పడే షీటుని 'లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు' అన్న సెట్టింగులో మాత్రం ఉంచకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోవాలి. అవసరం లేనివి అడగకూడదు. ఆధార్ నంబరు, పుట్టిన తేదీ మీకెందుకు? వయసు చాలు.

ఇప్పుడు డబ్బు విషయం. డాట్ ఇన్ లేదా డాట్ కామ్ డొమైన్ మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర చూడండి. పేజీని గూగుల్ సైట్స్‌లో ఉచితంగా చేసుకుని మీ డొమైన్ దానికి కలపొచ్చు. చూడ్డానికి సాదాగా ఉంటుంది, కానీ ఒక్క పేజీకి అది చాలు. సైట్లు చేసుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మంచిదే, అయితే దాని ప్లగిన్లను (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములను) ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయకపోతే హ్యాకర్లు దూరతారు. ఇళ్లకు వెళ్లి క్లాసులు చెప్పే మీకు ఆ పని చూసుకునే తీరిక ఉండదు.

డొమైన్ మాత్రం మీ ఈమెయిల్‌తో, మీ పేరు మీద, మీ కార్డుతోనే కొనాలి. ఇది నేను కాస్త గట్టిగానే చెబుతాను. మా బావగారు యోగా క్లాసులు చెబుతారు. సైటు చేసినాయన డొమైన్ కూడా తన పేరు మీదే కొన్నాడు. మూడేళ్లకు ఆయన ఫోన్ నంబరు మారింది, రెన్యువల్ జరగలేదు. గడువు దాటి ఆ పేరు ఇంకెవరి చేతికో పోయింది. బోర్డు, కార్డులు, ఆటోల వెనక అంటించిన స్టిక్కర్లు అన్నిటి మీదా అదే అడ్రసు. బావగారు మళ్లీ కొత్త పేరు అందరికీ అలవాటు చేయడానికి ఏడాది పట్టింది. డిజైనర్‌కి పని అప్పగించినా సరే, డొమైన్ తాళం మీ దగ్గరే ఉండాలి.

పేజీ తయారయ్యాక చూడాల్సింది వేగం. ఫోన్‌తో తీసిన ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. అలాగే ఎక్కిస్తే మొబైల్ డేటా మీద తెల్ల తెర చూస్తూ కూర్చోవాలి. స్క్వూష్ అనే ఉచిత టూల్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. అందులో ఫొటో వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ రూపంలో దించుకుంటే 200 కేబీ లోపు వస్తుంది. ఫొటోలో తేడా కంటికి కనిపించదు. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే మంచి సైటు అన్నది గూగుల్ కొలత, గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత టూల్‌లో మీ అడ్రసు వేస్తే చెబుతుంది. నన్నడిగితే ఇంట్లో వైఫై ఆపేసి, అమ్మగారి పాత ఫోన్‌లో తెరిచి చూడండి. ఆవిడే ఆ వాట్సాప్ బటన్ కళ్లజోడు లేకుండా కనిపెట్టగలగాలి.

తెలుగులో రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మీ కరపత్రం డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించి ఉంటే, ఆ ఫైలులోని అక్షరాలు కాపీ చేసి సైటులో పెట్టకండి. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి, గూగుల్‌కీ అర్థం కావు. మళ్లీ టైపు చేయాల్సిందే. రెండోది, వరుసల మధ్య ఎడం. ఇంగ్లిష్‌కి పెట్టిన ఎడమే ఉంచితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. అక్షరం ఎత్తుకి 1.7 రెట్లు ఉంచండి. నోటో సాన్స్ తెలుగు, మండలి ఫాంట్లు ఫోన్‌లో హాయిగా చదువుకోవచ్చు.

చివరిగా, గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్ తప్పకుండా పెట్టుకోండి, ఉచితమే. మీరు క్లయింట్ల ఇళ్లకు వెళ్తారు కాబట్టి 'సర్వీస్ ఏరియా' ఎంచుకుని మీ ఇంటి అడ్రసు బయటికి కనిపించకుండా దాచేయండి. ఆడవాళ్లయితే ఈ సెట్టింగు మర్చిపోకూడదు. రివ్యూ రాయమని క్లయింట్లను అడగొచ్చు, రాస్తే ఫీజులో తగ్గింపు ఇస్తామనడం మాత్రం గూగుల్ నియమాలకు విరుద్ధం.

ప్రశ్న: జుంబా క్లాసులకు గూగుల్‌లో ఉచితంగా చేసుకున్న బిజినెస్ వెబ్‌సైట్ ఇప్పుడు తెరుచుకోవడం లేదు. బయట బోర్డు మీద ఆ అడ్రసే ఉంది. తిరిగి తెచ్చుకోవచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రాదండి. బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా ఇచ్చిన ఆ సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. కొన్నాళ్లు ఆ అడ్రసు నొక్కితే మీ ప్రొఫైల్‌కి తీసుకెళ్లేది, ఆ ఏడాది జూన్ తర్వాత అదీ ఆగిపోయింది. మీ ప్రొఫైల్, రివ్యూలు మాత్రం ఉంటాయి, కంగారు పడకండి. పైన చెప్పినట్టు సొంత డొమైన్ కొని ఒక పేజీ పెట్టి, ప్రొఫైల్‌లో 'వెబ్‌సైట్' అన్నచోట కొత్త అడ్రసు మార్చండి.

బోర్డు మొత్తం మార్చక్కర్లేదు. పాత అడ్రసు మీద క్యూఆర్ కోడ్ స్టిక్కర్ అంటించండి. ఆ కోడ్ మీ సొంత డొమైన్‌కి నేరుగా వెళ్లేలా చూసుకోండి. ఉచితం అంటూ 'డైనమిక్' కోడ్ ఇచ్చే కొన్ని సైట్లు, మధ్యలో తమ లింకు పెట్టి, ట్రయల్ రోజులు అయిపోగానే పని ఆపేస్తాయి. క్రోమ్‌లో మీ పేజీ తెరిచి షేర్ మెనూలో చూస్తే క్యూఆర్ కోడ్ అక్కడే దొరుకుతుంది, దానికి గడువు ఉండదు. ప్రింట్‌కి ఇచ్చే ముందు రెండు మూడు ఫోన్లతో, బోర్డుకి రోడ్డు అవతలి నుంచి కూడా స్కాన్ చేసి చూడండి. అంత దూరం నుంచి పట్టకపోతే సైజు పెంచమని ఫ్లెక్సీ షాపులో చెప్పండి.