గ్లాసు ఉప్పు, గ్లాసు కారం ఒకే బరువు ఉంటాయా?

ప్రశ్న: మేడమ్, మాది ఒంగోలు, ఉద్యోగాల వల్ల బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. ఈసారి ఆవకాయ నేనే పెడదామనుకుంటున్నాను, కాయలు కె.ఆర్. మార్కెట్‌లో కొంటాను. అమ్మేమో ఫోన్లో "కారం, ఉప్పు, ఆవపిండి గ్లాసు గ్లాసు గ్లాసు" అంటుంది. నా దగ్గర డిజిటల్ కాటా ఉంది కాబట్టి మూడూ తలా 200 గ్రాములు తూచి కలిపేయొచ్చా? అలాగే కేకు రెసిపీల్లో కప్పు అంటే ఎన్ని గ్రాములు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: దయచేసి అలా కలపకండి, ఏడాది పచ్చడి పాడైపోతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో నీళ్ళయితే 200 గ్రాములే తూగుతాయి, కానీ అదే గ్లాసు నిండా మెత్తటి ఉప్పు పోస్తే దాదాపు 240 గ్రాములు ఉంటుంది, కారమూ ఆవపిండీ అందులో సగం కూడా తూగకపోవచ్చు. అంటే తలా 200 గ్రాములు వేస్తే ఉప్పు కాస్త తగ్గి, కారం, ఆవపిండి రెట్టింపవుతాయి, ఇక ముక్క నోట్లో పెట్టుకోలేరు. పోనీ గ్లాసు కారం తూచి ఉప్పు కూడా అంతే బరువు వేద్దామంటే ఉప్పు సగానికి పడిపోతుంది, అప్పుడు బూజు ఖాయం. ఆవకాయ నిలవుండేది ప్రధానంగా ఉప్పు వల్లే కదా!

అమ్మ మాట మార్చకుండా గ్లాసుతోనే కొలవండి. కాటా వాడాలనే ఉంటే ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేసి, ఒక్కొక్కటీ అంచు వరకు సమంగా నింపి తూచి, ఆ అంకెలు రాసి పెట్టుకోండి. కల్లుప్పైతే పలుకుల మధ్య ఖాళీ వల్ల తక్కువ తూగుతుంది, దంచితే ఎక్కువ, అందుకే మీరు వాడబోయే ఉప్పునే తూచాలి, వేరేవాళ్ళ అంకెలు పనికిరావు. ముక్కలు కూడా అమ్మ ఏ గిన్నెతో కొలుస్తారో అడగండి. ఇడ్లీకి మాత్రం ఈ టెన్షన్ లేదు, బియ్యం, మినప్పప్పు గ్లాసుకి ఇంచుమించు ఒకే బరువు తూగుతాయి కాబట్టి కొలిచినా తూచినా పిండి ఒకేలా వస్తుంది.

ఇక కేకు. అమెరికా రెసిపీల్లో కప్పంటే సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా వాళ్ళది 250, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు సాధారణంగా 180 మాత్రమే, దాంతో కేకు కొలవకండి. 240 కప్పుకి మైదా 120 నుంచి 125 గ్రాములు, పంచదార 200, వెన్న 227. మైదా దగ్గరే అసలు తేడా వస్తుంది: చెంచాతో వదులుగా నింపితే 120, కప్పుని డబ్బాలో గుచ్చి తీస్తే 150 దాకా పోతుంది, కేకు గట్టిగా రావడానికి చాలాసార్లు కారణం ఇదే, కాబట్టి ఇక్కడ మాత్రం కాటానే నమ్మండి. నూనె లీటరు కిలో కాదు, ప్యాకెట్ మీద చూడండి, 910 గ్రాములని ఉంటుంది. వంట సోడా లాంటివాటికి మాత్రం 5 మిల్లీలీటర్ల చెంచానే వాడండి, వంటింటి కాటాలు రెండు మూడు గ్రాముల్ని సరిగ్గా చూపించవు.