మీ అత్తగారి తిండి గురించి

చి.ల.సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారు ముద్ద ముట్టడం లేదని, జాకెట్లు వదులైపోయాయని నువ్వు చెప్పినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. ఫోన్లో చెప్పలేనివి రాస్తున్నాను.

ఆవిడ మొండికేస్తున్నారని అనుకోకమ్మా. ఆవిడకున్న ఆల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బులో వాసన పట్టే శక్తి ముందుగానే తగ్గిపోతుంది. పోపు వాసనే తెలియకపోతే తినాలని ఎలా అనిపిస్తుంది? కంచం ముందున్నా ఎలా మొదలుపెట్టాలో తోచదు. తెల్ల పళ్లెంలో పెరుగన్నం పెడితే కంటికి సరిగా ఆనదు కూడా. ముదురు రంగు పళ్లెం తీసుకో. ఒకసారికి ఒక్క పదార్థమే వడ్డించు. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని నువ్వూ తిను. నిన్ను చూసి తనూ తింటారు. తినకపోతే బలవంతంగా నోట్లో కుక్కవద్దు, అరగంట ఆగి మళ్లీ పెట్టు.

నెలనెలా బరువు చూసి రాసిపెట్టు. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి. ఈలోగా నోట్లో పుండ్లున్నాయా, కట్టుడు పళ్లు వదులయ్యాయా, విరేచనం సాఫీగా అవుతోందా చూడు. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ లాంటి మతిమరుపు మందులు కొందరికి వికారం తెచ్చి ఆకలి చంపేస్తాయి. నీ అంతట నువ్వు ఆపకు, డాక్టరుకి చెప్పు.

నాకు అన్నిటికన్నా భయం ఆవిడ షుగర్ మందుల గురించే. తిండి సగానికి తగ్గినా మాత్రలు, ఇన్సులిన్ పాత మోతాదులోనే వేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మగత వచ్చినా తన ఒంట్లో ఏమవుతోందో ఆవిడ చెప్పలేరు. రేపే డాక్టరుకి ఫోన్ చేసి మోతాదు సంగతి అడుగు. పత్యాలు ఎంతవరకు సడలించవచ్చో కూడా అప్పుడే కనుక్కో.

చారన్నంతో కడుపు నింపకు. నెయ్యి వేసిన ముద్దపప్పు, గుడ్డు, పెరుగు రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టు. చేత్తో పట్టుకుని తినేలా ఇడ్లీ ముక్కలు, అరటిపండు ముక్కలు ఇవ్వు. నిటారుగా కూర్చోబెట్టి తినిపించు, తిన్నాక అరగంట పడుకోనివ్వకు. తరచూ పొలమారుతున్నా, తిన్నాక గొంతు గరగరలాడినా మాట, మింగడం ఇబ్బందులు చూసే స్పీచ్ థెరపిస్టుతో మింగడం పరీక్ష చేయించాలి.

కొందరు దీనికి విరుద్ధంగా అదేపనిగా తింటారు, బరువు పెరుగుతారు. ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అనే మరో రకం మెదడు జబ్బులో తీపి మీద యావ విపరీతంగా ఉంటుంది. అలాంటప్పుడు "ఇందాకేగా తిన్నారు" అని వాదించి లాభం లేదు. స్వీట్లు కంటపడకుండా దాచి, పండు ముక్క చేతిలో పెట్టడమే మేలు.

ఇంకో మాట, రాయడానికి చెయ్యి రావడం లేదు. జబ్బు బాగా ముదిరాక ముక్కులోంచి తిండి పంపే గొట్టం వేద్దామంటారు. ఆ దశలో గొట్టం ఆయుష్షు పెంచుతుందనీ, న్యుమోనియా రాకుండా ఆపుతుందనీ రుజువు లేదు. ఓపిగ్గా చేత్తో తినిపించడమే మంచిదని వృద్ధుల వైద్యనిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ కూడా చెప్పింది. నా అభిప్రాయమూ అదే. మీ ఆయన, మీ మరిది ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు ఈ ఉత్తరం చదివించి, ఆ సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి.

మీ పెద్దమ్మ