పై ఊరి డబ్బు, మన ఊరి ధర

ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఖరీదైన చోట ఇల్లు అమ్ముకుని చిన్న ఊళ్ళకు తరలివెళ్ళేవాళ్ళ గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వెళ్ళేవాళ్ళూ రాశారు, వాళ్ళు వచ్చిపడ్డ ఊళ్ళవాళ్ళూ రాశారు.

ప్రశ్న: మేం డాలస్‌కు ఉత్తరాన సెలైనాలో ఉంటున్నాం. మా కాలనీలో కాలిఫోర్నియా నుంచి వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ధరలు పెరిగింది మాత్రం వాళ్ళ వల్లేనని అందరూ అంటారు. అంత కొద్దిమందితో ఊరంతా ధర ఎలా మారుతుంది? (ఒక పాఠకురాలు)

జవాబు: ఇంటి ధర తేల్చేది ఊళ్ళో ఉంటున్నవాళ్ళు కాదు, ఆ ఏడు కొన్నవాళ్ళు. 20,000 ఇళ్ళున్న ఊరు అనుకోండి. ఏడాదిలో చేతులు మారేవి ఏ 900 ఇళ్ళో ఉంటాయి. బయటి డబ్బుతో వచ్చిన కుటుంబాలు 150 అనుకుంటే, ఊరి లెక్కలో అది ఒక శాతం కూడా కాదు. కొనుగోలుదారుల లెక్కలో ఆరో వంతు. ఆ 150 మందీ ఊరంతా సమానంగా చెదిరిపోరు. మంచి హైస్కూల్ జోన్‌లో, నాలుగు బెడ్‌రూముల ఇళ్ళ మీదే పడతారు. ఆ రకం ఇళ్ళలో సగం బేరాలు వాళ్ళవే కావచ్చు.

ఇక్కడినుంచి పని అప్రైజర్ (అప్పిచ్చేముందు బ్యాంకు కోసం ఇంటి విలువ కట్టేవాడు) చేతిలో పడుతుంది. స్థానికుడు జీతం చూపించి అప్పు తెచ్చుకుంటాడు కాబట్టి బ్యాంకు అప్రైజల్ దాటి పైకి పోలేడు. కాలిఫోర్నియా బే ఏరియాలో (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఇల్లు అమ్మివచ్చినవాడు నగదుతో కొంటాడు, లేదా అప్రైజల్ తక్కువొస్తే తేడా తనే కడతానని రాసిస్తాడు. 6 లక్షల డాలర్ల ఇంటికి 30,000 ఎక్కువ పెడితే అతనికి అది పెద్ద లెక్క కాదు. ఆర్నెల్లలోపు పక్క ఇల్లు అమ్మకానికొస్తే అప్రైజర్ పోలికకు తీసుకునే మూడు నాలుగు అమ్మకాల్లో ఇదొకటి. అప్పుడు స్థానికుడికి కూడా బ్యాంకు ఆ ధరకే అప్పిస్తుంది. మొదటి ఇల్లు మాత్రమే కాలిఫోర్నియా డబ్బుతో కొన్నది. తర్వాతవి మనవాళ్ళ అప్పుతోనే పెరుగుతాయి.

డాలస్ శివారు ఫ్రిస్కోలో అమ్ముకున్నవాళ్ళు ప్రాస్పర్ వెళ్తారు, అక్కడ అందనివాళ్ళు సెలైనాకి, ఆపైన ప్రిన్స్‌టన్‌కి. అమెరికా జనగణన శాఖ లెక్కల్లో 2023లో అత్యంత వేగంగా పెరిగిన నగరం సెలైనా అయితే, మరుసటి ఏడు ప్రిన్స్‌టన్ అయింది.

అన్నీ కాలిఫోర్నియావాళ్ళ నెత్తిన రుద్దడమూ సబబు కాదు. 2020, 21లో వడ్డీ 3 శాతం చుట్టూ ఉండేది. టయోటా లాంటి కంపెనీలు ప్లేనోకి తరలివచ్చి ఉద్యోగాలు తెచ్చాయి. ఆస్టిన్‌కీ జనం అలాగే వెల్లువెత్తారు. అక్కడ అపార్ట్‌మెంట్లు పెద్దఎత్తున కట్టడంతో 2022 తర్వాత అద్దెలు దిగాయి. వచ్చే జనం కన్నా కట్టే ఇళ్ళు నెమ్మదిగా వచ్చినచోటే ధర ఎగురుతుంది.

ప్రశ్న: నిరుడు కొత్త ఇల్లు కొన్నాం. ఈ ఏడు మార్ట్‌గేజ్ కంపెనీ నెలవారీ కట్టుబడి ఏకంగా 1,500 డాలర్లకు పైగా పెంచింది. వడ్డీ ఫిక్స్‌డే. మోసమా? (ఒక పాఠకుడు, ప్రాస్పర్)

జవాబు: మోసం కాదు, ఖాళీ స్థలం మీద లెక్కేసిన పన్ను. టెక్సస్‌లో జనవరి 1న ఏముంటే దాని విలువ మీదే ఆ ఏడు పన్ను. ఆరోజుకి మీ ఇల్లు లేవలేదు, స్థలమే ఉంది. స్థలం 1,20,000, మొత్తం పన్ను రేటు 2.3 శాతం అనుకుంటే ఏడాదికి 2,760, నెలకి 230. ఎస్క్రోలో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం మార్ట్‌గేజ్ కంపెనీ నెలనెలా తీసిపెట్టే ఖాతా) అంతే తీసుకున్నారు. మరుసటి జనవరికి 6 లక్షల ఇల్లుంది కాబట్టి పన్ను 13,800. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతానికి ఉంటున్న ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపు) పెట్టుకుంటే స్కూల్ పన్నులో 1,40,000 విలువ మేరకు మినహాయింపు వస్తుంది (2025 నుంచి ఇది అమల్లో ఉంది). స్కూల్ రేటు 1.2 శాతం అయితే 1,680 తగ్గి 12,120. నెలకి 1,010.

ఇక్కడ దెబ్బ రెండుసార్లు తగులుతుంది. ఇకపై నెలకి 780 ఎక్కువ కట్టాలి. దానికితోడు నిరుడు తక్కువ తీసుకున్నందువల్ల పడిన 9,360 లోటుని 12 నెలల్లో పంచితే అదీ 780. రెండూ కలిస్తే 1,560. లోటుని ఒకేసారి కట్టేస్తే నెలకి 780 పెంపే మిగులుతుంది. కొత్త ఇల్లు కొనేవాళ్ళు క్లోజింగ్ (కొనుగోలు పూర్తయ్యే) రోజునే పూర్తి ఇంటి విలువ మీద ఎస్క్రో లెక్కేయమని అడగాలి. వాళ్ళు ఒప్పుకోకపోతే నెలకింత విడిగా దాచుకోవాలి.

హోమ్‌స్టెడ్ దరఖాస్తు ఉచితం. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి నేరుగా పెట్టండి, డ్రైవింగ్ లైసెన్స్ మీద అదే చిరునామా ఉండాలి. డబ్బు కట్టమంటూ వచ్చే ఉత్తరాలు చెత్తబుట్టకే. ఈ ఎగ్జెంప్షన్ ఉన్నవాళ్ళకి పన్ను విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు. కొత్త యజమానికి మాత్రం ఆ హద్దు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. పాతవాళ్ళకు ఉన్న రక్షణ ఇంటితో పాటు మీకు రాదు.

కొత్త కాలనీల్లో ఇంకొకటి. నీళ్ళు, మురుగు గొట్టాలకు డెవలపర్ పెట్టిన ఖర్చుని బాండ్లతో తెచ్చి ఇళ్ళవాళ్ళ పన్నులోంచి తీర్చే జిల్లాలుంటాయి. మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) ట్యాక్స్ అంటారు. పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అయితే పన్ను కాదు, ఇంటిమీద విడిగా వేసే వసూలు. సంతకం చేసేముందు ఇచ్చే నోటీసులో రెండూ ఉంటాయి. బిల్డర్ బ్రోచర్‌లో ఉండవు.

విలువ ఎక్కువ వేశారనుకుంటే మే 15లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లో, ఏది తర్వాతైతే అప్పటిలోగా ప్రొటెస్ట్ చేయాలి. అమ్మకం ధర బయటపెట్టాలన్న నిబంధన టెక్సస్‌లో లేదు. వాళ్ళు వేసిన విలువకన్నా మీరు తక్కువకి కొనివుంటే క్లోజింగ్ కాగితం చూపించండి. ఎక్కువకి కొనివుంటే దాన్ని ఇంట్లోనే ఉంచుకుని, పక్కిళ్ళ విలువలతో పోలిక పెట్టండి.

ప్రశ్న: ఫ్రీమాంట్‌లో 8 లక్షలకు కొన్న ఇల్లు ఇప్పుడు 16 లక్షలు పలుకుతోంది. 4 లక్షల అప్పుంది. అమ్మి టెక్సస్ వెళ్తే ఏం మిగులుతుంది? ముందు అద్దెకిచ్చి చూద్దామా? (ఒక జంట)

జవాబు: అమ్మకం ఖర్చులు 5 శాతం, అంటే 80,000. లాభం 7,20,000. భార్యాభర్తలు కలిసి పన్ను రిటర్ను వేస్తే అందులో 5 లక్షలకు పన్ను లేదు. మిగిలిన 2,20,000 మీద ఫెడరల్, కాలిఫోర్నియా పన్నులు కలిపి సుమారు 60,000 వేసుకోండి. టెక్సస్ వెళ్ళాక అమ్మినా కాలిఫోర్నియా పన్ను తప్పదు, ఇల్లు అక్కడిది కదా. చేతికొచ్చేది దాదాపు 10,60,000.

అద్దెకివ్వచ్చు గానీ గడువు గుర్తుండాలి. అమ్మేనాటికి గత ఐదేళ్ళలో రెండేళ్ళు మీరు అందులో ఉండివుండాలి. మూడేళ్ళు దాటి అద్దెకిచ్చారో, 5 లక్షల మినహాయింపు పోతుంది.

వెళ్ళేముందు మూడు కాగితాలు తెప్పించుకోండి. మొదటిది కంపెనీ నుంచి: చోటు మారితే జీతం ఎంత అవుతుందో రాతపూర్వకంగా. రెండోది ఇన్సూరెన్స్ కొటేషన్: వడగళ్ళు, గాలివానకి డిడక్టిబుల్ తరచూ ఇంటి విలువలో 2 శాతం ఉంటుంది, 6 లక్షల ఇంటికి 12,000. పైకప్పు పోయినప్పుడు ముందుగా అంత మీ జేబులోంచి. మూడోది ఆ వీధిలో రెండేళ్ళ వయసున్న ఇంటి పన్ను బిల్లు. స్టేట్ ఆదాయపన్ను లేదని సంబరపడేవాళ్ళు చాలామంది ఈ మూడోది చూడరు.

ప్రశ్న: ఇదాహోలోని బాయిసీలో అద్దెకుంటున్నాం. వెలుపలివాళ్ళు వస్తూనే ఉన్నారు, ఇప్పుడే కొనాలా, ఆగాలా? (మైక్రాన్ ఉద్యోగి)

జవాబు: బాయిసీ ధరలు 2022లో శిఖరానికి చేరి, వడ్డీ పెరగ్గానే జారాయి. వలస ఒక్కటే ధరను నిలబెట్టదు. కాలిఫోర్నియాలో 3 శాతం వడ్డీ అప్పున్నవాడు దాన్ని వదులుకుని కదలడానికి వెనకాడతాడు. అలా కదిలేవాళ్ళు తగ్గితే ముందు వణికేది నాంపా, కాల్డ్‌వెల్ వంటి వెలుపలి ఊళ్ళే.

ఊహలకన్నా రెండు అంకెలు చూడండి. అమ్మకానికున్న ఇళ్ళని నెలలో అమ్ముడైన ఇళ్ళతో భాగించండి. ఆరు దగ్గరుంటే బేరం సమానం, రెండు మూడైతే అమ్మేవాడిది పైచేయి. రెండోది, ఇంటి ధరని ఏడాది అద్దెతో భాగించండి. 5,50,000 ఇంటికి నెలకి 2,300 అద్దె వస్తే 20. అంత ఉన్నచోట నాలుగేళ్ళలోపు కదిలేవాళ్ళకి అద్దే మేలు. వచ్చేవాళ్ళ స్థోమత తెలియాలంటే ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపన్ను శాఖ) ఏటా ఉచితంగా ఇచ్చే కౌంటీ వలస పట్టికలున్నాయి. ఏ కౌంటీ నుంచి ఎన్ని రిటర్నులు, ఎంత ఆదాయం తరలిందో ఉంటుంది. ఆదాయాన్ని రిటర్నులతో భాగించి, మీ ఆదాయం పక్కన పెట్టి చూసుకోండి. కాకపోతే అవి ఏడాది రెండేళ్ళు వెనక ఉంటాయి.

ఇదాహోలో అద్దెలకు పరిమితి పెట్టే అధికారం నగరాలకు లేదు. నెలవారీ ఒప్పందంలో ఉంటే అద్దె పెంచేముందు 30 రోజుల రాతపూర్వక నోటీసు మాత్రం ఇవ్వాలి. ఏడాది లీజు దొరికితే వదలొద్దు.

ప్రశ్న: ఉత్తరాంధ్రలో మాది చిన్న పట్టణం. నగరంలో ఫ్లాట్ అమ్మినవాళ్ళు, పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు వచ్చి స్థలాలు కొంటున్నారు. గజం 12,000 ఉన్నది 22,000 అంటున్నారు. నమ్మాలా? (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: బ్రోకర్ చెప్పేది అడిగే ధర. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండేది తరచూ ప్రభుత్వ విలువకు దగ్గరగా రాసిన ధర. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ సర్వే నంబరుకీ పక్క నంబర్లకీ ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. రెండేళ్ళలో ఎన్ని దస్తావేజులు రిజిస్టరయ్యాయో చూడండి. ఊళ్ళో బేరాలు జోరుగా సాగుతున్నాయంటారు గానీ ఈసీలో ఒకటో రెండో ఉంటే, ఒకే ప్లాటు అగ్రిమెంట్ల మీద చేతులు మారుతోందని అర్థం. అడ్వాన్సు మాత్రమే కట్టి, రిజిస్ట్రేషన్ గడువులోపు ఇంకొకరికి అంటగట్టే ఈ బేరాల్లో ఆఖరున దొరికేది నిజంగా ఇల్లు కట్టుకోవాలనుకునేవాడే.

అద్దె ఇంకా నమ్మకమైన కొలత. 50 లక్షలు పెట్టిన ఇంటికి నెలకి 10,000 అద్దె వస్తే ఏడాదికి 2.4 శాతం. పట్టణంలో జీతాలు పెరగకుండా ఆ అద్దె పెరగదు. వెంచర్‌కి అనుమతి నంబరు, రెరా రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో చూశాక, అక్కడికి వెళ్ళి ప్లాట్లలో ఎన్నిటికి కరెంటు మీటర్లున్నాయో లెక్కపెట్టండి. వందకి ఐదో ఆరో ఉంటే ఆ ధర అక్కడ నివసించడానికి వచ్చేవాళ్ళది కాదు. కొనాలనే నిర్ణయించుకుంటే స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం ముందే పక్కన పెట్టుకోండి. అమ్మేవారు విదేశంలో ఉంటే టీడీఎస్ కోసే బాధ్యత మీదే. అది మామూలు 1 శాతం కాదు కాబట్టి అగ్రిమెంటుకి ముందే ఆడిటర్‌ని కలవండి.