ఫ్లోట్ల మిషన్ కట్టే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్లకు ఫ్లోట్లు, అంటే వాటిని తేలేలా చేసే బోలు ప్లాస్టిక్ డబ్బాలు, నువ్వే పోస్తావని, నరసాపురం షెడ్డులో రోటో మోల్డింగ్ మిషన్, అంటే ప్లాస్టిక్ పౌడర్ పోసిన అచ్చును ఓవెన్‌లో తిప్పుతూ వేడిచేసే మిషన్, కడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఇనుము కొనే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

అచ్చును జోరుగా తిప్పితే పౌడర్ గోడలకు కొట్టుకుని అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. నిమిషానికి పది చుట్లు చాలు. పౌడర్ తన బరువుకి తాను కిందికి జారుతూ, వేడెక్కిన గోడను తాకిన చోటల్లా పొరలా పట్టుకోవాలి. నమ్మకం కుదరకపోతే పారదర్శకమైన డబ్బాలో గుప్పెడు బియ్యప్పిండి పోసి, మూత బిగించి, ఫ్రేమ్‌కి కట్టి తిప్పి చూడు. ఏ మూలకి పిండి చేరడం లేదో అక్కడే నీ ఫ్లోట్ పల్చబడుతుంది.

బయటి ఫ్రేమ్‌ని గేర్ మోటార్ తిప్పుతుంది. స్తంభానికి కదలని స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ళచక్రం) ఒకటి బిగించి, దాని మీంచి చైన్ వేసి, మూల దగ్గర తిరిగే దిక్కు మళ్ళించే బెవెల్ గేర్లతో, అచ్చు కట్టిన లోపలి ఫ్రేమ్‌కి ఇస్తే ఒక్క మోటారుతోనే అచ్చు అడ్డంగానూ నిలువుగానూ ఒకేసారి తిరుగుతుంది. బయటిది నాలుగు చుట్లు తిరిగేలోపు లోపలిది ఒక చుట్టు తిరిగేలా మొదలుపెట్టు. బేరింగులు వీలైనన్ని ఓవెన్ బయటే ఉండాలి, వేడికి గ్రీజు కారిపోతుంది. లోపల తప్పనిసరైన చోట బేరింగు బదులు బుష్ (ఇరుసుకి తొడిగే లోహపు గొట్టం ముక్క) పెట్టి గ్రాఫైట్ పొడి వాడు. మీ ఊరి ఉప్పుగాలికి చైన్ ఊరికే తుప్పు పడుతుంది, పని అయ్యాక గుడ్డ కప్పి ఉంచు.

మోటారు ఇరుసుకి చేత్తో తిప్పే హ్యాండిల్ మాత్రం మర్చిపోకు. మధ్యలో కరెంటు పోతే కరిగిన ప్లాస్టిక్ అంతా ఒక పక్కకి జారిపోతుంది.

పౌడర్ లెక్క సులభమే. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు ఉన్న డబ్బాకు లోపలి వైశాల్యం 0.72 చదరపు మీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల మందం కావాలంటే దాదాపు 2 కిలోల 700 గ్రాములు పడుతుంది. ఎండలో ఉండే వస్తువు కాబట్టి ఎండను తట్టుకునే యూవీ మందు కలిపిన నల్ల పౌడరే తీసుకో. తుక్కు ఆడించిన పొడి చవకే, కానీ చెరువులో పగిలిందంటే రైతు మళ్ళీ నీ గుమ్మం తొక్కడు.

నేను మొదట పోసిన డబ్బా అచ్చుకి గాలిగొట్టం పెట్టలేదు. వేడెక్కుతుంటే లోపలి గాలి ఉబ్బి, అతుకుల్లోంచి ప్లాస్టిక్ బయటికి తన్నింది. చల్లారేటప్పుడు లోపలికి పీల్చుకుని పక్కలు సొట్టపోయాయి. అందుకే సన్నని టెఫ్లాన్ గొట్టంలో గ్లాస్ ఊల్ (దూదిలాంటి గాజు నూలు) కుక్కి అచ్చులోకి దించు. గాలి వస్తూ పోతూ ఉంటుంది, పౌడర్ రాదు.

ఓవెన్‌లో 250 నుంచి 300 డిగ్రీలు ఉంచినా, అసలు చూడాల్సింది అచ్చు లోపలి గాలి వేడి. అది 200 దరిదాపులకి వచ్చాక బయటికి తియ్యి. తక్కువ ఉడికితే లోపలి గోడ గరుకుగా, బుడగలతో ఉంటుంది. ఎక్కువైతే కాలిన వాసన వస్తుంది, డబ్బా పెళుసు బారుతుంది.

బయటికి తీశాక కూడా తిప్పుతూనే ఉండాలి. నీళ్ళు వెంటనే కొట్టకు, ముందు ఫ్యాను గాలికి ఆరనివ్వు. చేతికి పట్టుకోగలిగినంత చల్లారేదాకా అచ్చు విప్పకు. ఇక్కడ తొందరపడే నేను ఎన్ని డబ్బాలు వంకర చేసుకున్నానో లెక్కలేదు.

ఈ పని తాటాకు పాక కింద పెట్టొద్దు అల్లుడూ, నీకు దణ్ణం పెడతాను. రేకుల షెడ్డు, గాలి ఆడే గోడలు, చేతికందేలా ఇసుక బకెట్లు ఉండాలి. ఇంటి సిలిండర్ కాదు, కమర్షియల్ సిలిండరే వాడు. బర్నర్‌కి దూరంగా పెట్టు.

మొదటి ఫ్లోట్‌ని ఎవరికీ అమ్మొద్దు. రంపంతో మధ్యకి కోసి, మూలల్లోనూ పక్కల్లోనూ మందం కొలిచి, ఫొటోలు నాకు పంపు. చూసి ఏం మార్చాలో చెబుతాను.

మీ మావయ్య