ఆపరేషన్ విషయంలో "నీ ఇష్టం" అనే భర్తతో ఎలా మాట్లాడాలి?

ఇద్దరు పిల్లలూ సిజేరియన్‌తోనే పుట్టారనీ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా మీరే చేయించుకోవాలని అత్తవారింట అందరూ అంటున్నారనీ, మీవారు మాత్రం "నీ ఇష్టం" అని ఊరుకుంటున్నారనీ రాశారు. ఆ మాట నేనూ మూడేళ్లపాటు అన్నవాణ్ని. అందుకే భర్త వైపు నుంచి నాకు తెలిసిన సంగతి చెబుతాను.

మా రెండో కాన్పు సమయానికి నా భార్యకు రక్తహీనత బాగా ఉండటంతో ట్యూబెక్టమీ, అంటే ఆడవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, వాయిదా వేశారు. తరువాత వేయించుకున్న కాపర్-టీ వల్ల నెలనెలా రక్తస్రావం ఎక్కువై తీయించుకోవలసి వచ్చింది, మాత్రలూ పడలేదు. ప్రతిసారీ డాక్టరు గది బయట కూర్చుని, ఆమె రాగానే "నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి" అనేవాణ్ని. ఆమె మాటను గౌరవిస్తున్నాననే మనస్ఫూర్తిగా నమ్మాను. ఒకరోజు ఆమె, "చెప్పిన దారులన్నీ నా ఒంటిమీదుగానే పోతున్నాయి. మీ వంతు ఏమిటో ఒక్కసారీ చెప్పరేం?" అని అడిగింది. ఆమె శరీరం గురించి తుది మాట ఆమెదే, అందులో సందేహం లేదు. కానీ నా శరీరం గురించి చెప్పవలసిన మాట నేను చెప్పకుండా దాటవేస్తున్నానని ఆ రోజే అర్థమైంది. మరుసటి వారం ఇద్దరం కలిసి డాక్టరు ముందు కూర్చున్నాం.

నేనే వేసెక్టమీ, అంటే మగవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, చేయించుకుంటానంటే మా అమ్మ ఒప్పుకోలేదు. "బస్తాలు ఎత్తేవాడివి, నీకు ఆపరేషనేమిట్రా" అని ఏడ్చింది. ఆమెను నేను తప్పుపట్టను. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976-77లో, దేశంలో దాదాపు 62 లక్షల మంది మగవారికి వేసెక్టమీ చేశారు; వారిలో ఎందరినో బలవంతంగా తీసుకువెళ్లారు. ఆ భయం ఆ తరం మనసులో ఇంకా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది తామే ఆపరేషన్ చేయించుకోగా, భర్త చేయించుకున్నవారు ఒక్క శాతం కూడా లేరు.

డాక్టరు అమ్మకూ ఓపికగా చెప్పారు. మగతనానికి కారణమైన హార్మోను వృషణాల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది కనుక, శుక్రకణాలు వచ్చే నాళాలను మూసినంత మాత్రాన బలం గానీ, కోరిక గానీ తగ్గవు. కోత, కుట్టు లేని పద్ధతిలో ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి అరగంటలోపే పూర్తి చేశారు. అదే రోజు ఇంటికి వచ్చాను. నాలుగు రోజులు వాపు, కొంచెం నొప్పి ఉన్నాయి. వారం పైగా బరువులు ఎత్తలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ తరువాతి మూడు నెలలు. నాళాలలో మిగిలిన శుక్రకణాలు పూర్తిగా పోయేవరకు నిరోధ్ వాడాలి. మూడు నెలలు నిండాక వీర్య పరీక్ష చేయించుకుని, కణాలు లేవని తేలాకే మానాలి. ఈ పరీక్షను చాలామంది అనవసరమనుకుంటారు. ఆ నిర్లక్ష్యం వల్ల గర్భం వస్తే, మన ఊళ్లలో నింద పడేది భార్య శీలం మీద. అందుకే నేను ఎవరూ గుర్తుచేయకుండానే ఆ పరీక్షకు వెళ్లాను, ఫలితం కాగితాన్ని ఆమె చేతికే ఇచ్చాను.

మీవారికి మరో బిడ్డ గురించి ఏ మూలనైనా ఆలోచన ఉంటే తొందరపెట్టకండి. నాళాలను తిరిగి కలిపే శస్త్రచికిత్స ఫలిస్తుందన్న భరోసా లేదు కాబట్టి దీన్ని శాశ్వతమనే అనుకోవాలి. అలాగే ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఈ ఆపరేషన్‌కు జీవిత భాగస్వామి అనుమతి తప్పనిసరి కాదు. మీరు ట్యూబెక్టమీ వద్దనుకున్నా, కావాలనుకున్నా ఆ హక్కు మీదే.

ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చేది మగవారు పనికి వెళ్లే వేళల్లోనే కనుక, ఈ విషయాలేవీ మీవారి చెవిన పడి ఉండకపోవచ్చు. చిన్నబిడ్డకు టీకా వేయించే రోజున ఆయనను కూడా వెంటబెట్టుకుని వెళ్లి, వైద్యాధికారి ముందు ఇద్దరూ కూర్చోండి. ఆయన సిగ్గుపడితే కాసేపు మీరు బయటికి రండి. మగవాళ్లం భార్య ఎదుట అడగలేని సందేహాలు కొన్ని ఉంటాయి, నాకూ ఉండేవి.