పదిన్నరకు షట్టర్ దించితే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: ఒంగోలు కర్నూలు రోడ్డు వైపు ఇరవై మంది కూర్చునే గది చూశాం. అద్దె నెలకు 18 వేలు. పొద్దున టిఫిన్ మాత్రమే పెట్టి పదిన్నరకు మూసేయాలని ఉంది. భోజనం లేకుండా నడవదని ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: నడుస్తుంది. కానీ మీవాళ్ల భయంలోనూ అర్థముంది. అద్దె 24 గంటలకు కడతారు, గల్లాపెట్టెలో డబ్బు పడేది నాలుగు గంటలే. అందులోనూ అసలు బేరం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. ఆ రెండు గంటల్లో ఎంతమందికి ప్లేటు అందించగలరన్న దాని మీదే అంతా ఉంది.

కాగితం మీద వేసి చూడండి. రేట్లు మీ పేటను బట్టి మార్చుకోండి. ఒక్కో బిల్లు సగటున 60 రూపాయలు అనుకుందాం. కూర్చున్న మనిషి లేవడానికి పాతిక నిమిషాలు పడుతుంది, అంటే గంటకు రెండు బంతులు. రద్దీ రెండు గంటల్లో 80 మంది, ముందూ వెనకా కలిపి 40, పార్సిళ్లు 80. మొత్తం 200 బిల్లులు, 12,000 రూపాయలు. సరుకులు 40 శాతం చొప్పున 4,800. దోసె మాస్టర్, ఇడ్లీ–పూరీ చూసే మనిషి, ఇద్దరు సప్లయర్లు, అంట్లమనిషి, అందరి కూలీ 3,300. గ్యాస్ 900. పార్సిల్ కవర్లు, కరెంటు, నీళ్లు 800. నెలకు 26 రోజులు తెరిస్తే అద్దె రోజుకు 700 దాకా పడుతుంది. ఇవన్నీ పోను మిగిలేది 1,500. అదే 150 బిల్లులకు పడిపోతే అద్దె, కూలీ తగ్గవు కాబట్టి 50 రూపాయలు కూడా కష్టమే. 200కూ 150కీ మధ్య ఉన్న ఆ యాభై మందే మీ సంపాదన.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు ఆ గది ఎదురుగా మూడు పొద్దులు నిలబడండి: ఒక మంగళవారం, ఒక శనివారం, ఒక ఆదివారం. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆగి తినే తీరిక ఉన్నవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. ఆఫీసుల బజారైతే ఆదివారం ఈగలు తోలుకోవాలి. ఇళ్ల మధ్యయితే ఆదివారమే పార్సిళ్ల పండగ. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు దగ్గరుంటే పొద్దున బేరం బాగుంటుంది గానీ, సంక్రాంతికీ వేసవి సెలవులకూ పిల్లలు ఊళ్లకెళితే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి.

చాలామంది కుర్చీలు పెంచుతారు, పెనం పెంచరు. మూడడుగుల పెనం మీద ఒక వాయికి ఐదు దోసెలు పడతాయి. తుడిచి, పోసి, కాల్చి తీసేసరికి మూడున్నర నిమిషాలు. గంటకు 85 దాటవు. ఒక్కొక్కరు రెండేసి అడిగితే నలభై మందితో మాస్టర్ చేతులెత్తేస్తాడు. అందుకే ఇడ్లీ, వడ, పూరీ సిద్ధంగా ఉంచి, దోసె రకాలు నాలుగింటికి మించనివ్వకండి. బోర్డు మీద ముప్పై రకాలు రాసుకున్నవాడు ఏడున్నరకే తడబడతాడు. టీ లోపల పెట్టకండి. పది రూపాయల టీ తాగే మనిషి అరగంట కుర్చీ వదలడు. గుమ్మం పక్కన కౌంటర్ చాలు.

డబ్బు కనబడకుండా కారిపోయేది చట్నీలో. మనిషికి రెండు గరిటెలనుకుంటాం, మళ్లీ మళ్లీ వేయించుకుంటే వంద గ్రాములు దాటుతుంది. 200 మందికి 20 కిలోల చట్నీ, అంటే 5 కిలోల వేరుశెనగ గుళ్లు. కొబ్బరి కలిపితే ఎండాకాలం తొమ్మిదికల్లా వాసన పట్టేస్తుంది. ఆరింటికి సగం, ఎనిమిదింటికి సగం రుబ్బండి. పార్సిల్ చట్నీ ముందే కొలిచి కట్టి ఉంచండి.

పెళ్లిళ్ల నెలల్లో మాస్టర్లు ఎక్కువ కూలికి వంట కాంట్రాక్టులకు వెళ్లిపోతారు. మీకో, ఇంట్లో ఒకరికో పెనం మీద చేయి తిరగకపోతే ఆ వారం షట్టర్ ఎత్తలేరు. ఇంకొక్క మాట. శనివారం ఒక్కపొద్దుండి రాత్రికి టిఫిన్ చేసే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. పొద్దుటి బేరం కుదురుకున్నాక శనివారం సాయంత్రం మాత్రం తెరవండి. పదిన్నరకు మూసే మీ నియమం తప్పినట్టేమీ కాదు.

ప్రశ్న: ఇంట్లో వాడే గ్యాస్ బండతో మొదలుపెట్టవచ్చా? ఏ కాగితాలు కావాలి?
– ఓ పాఠకురాలు, కావలి

జవాబు: 14.2 కిలోల ఇంటి బండ హోటల్లో వాడితే నేరం. తనిఖీకొస్తే బండ పట్టుకెళ్లి కేసు పెడతారు. 19 కిలోల కమర్షియల్ కనెక్షనే తీసుకోండి. అమ్మకాన్ని బట్టి ఆహార భద్రత నమోదో లైసెన్సో, దాంతో పాటు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తప్పనిసరి. అమ్మకం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కూడా కావాలి. రోజుకు 9,000 అమ్మినా 28 లక్షలవుతుంది! రేటు 5 శాతం. బిల్లు మీద విడిగా వేయక ధరలోనే కలిపేస్తే 12,000లో 570 దానికే పోతుంది. పైన ఒంగోలు పాఠకుడికి చెప్పిన, చేతికేమీ మిగలని 150 బిల్లుల గీత 165కి జరుగుతుంది.

ప్రశ్న: ఎండాకాలం ఇడ్లీపిండి తెల్లారేసరికి పులిసి పొంగిపోతోంది. చలికాలం ఇడ్లీ రాయిలా వస్తోంది.
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: రెండు కాలాలకూ ఒకే వేళ రుబ్బుతున్నట్టున్నారు. కిలో మినపగుళ్లకు రెండు కిలోల ఇడ్లీరవ్వ వేస్తే నూరు నుంచి నూట ఇరవై ఇడ్లీలు రావాలి. అంతకన్నా తక్కువొస్తే పప్పు సరిగా నలగలేదన్నమాట. రుబ్బిన పప్పు చుక్క నీళ్లలో వేస్తే తేలాలి. రోహిణి కార్తెలో రాత్రి పదికి ముందు రుబ్బకండి. చల్లటి నీళ్లే పోయండి, గ్రైండర్ రాయి వేడెక్కితే పిండి అక్కడే పులవడం మొదలెడుతుంది. ఎనిమిదిన్నర తర్వాతి వాయిల పిండి ఫ్రిజ్‌లో ఉంచి, గంట ముందు బయటపెట్టండి. డిసెంబరులో సాయంత్రం ఐదుకే రుబ్బి, నిన్నటి పిండి ఒక గరిటె కలిపి మూతపెట్టండి.

ప్రశ్న: కారందోసెలో ఎర్రకారం తొమ్మిదింటికల్లా చేదెక్కుతోంది. ఘాటుకి జనం దగ్గుతున్నారు.
– ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: చేదు పచ్చి ఉల్లిపాయది. నానిన ఎండుమిర్చి, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు ముందు మెత్తగా రుబ్బి, ఉల్లిపాయ చివర్లో వేసి రెండు తిప్పులకు ఆపేయండి. ఎక్కువసేపు నిలవాలంటే నూనెలో పచ్చి వాసన పోయేదాకా మగ్గించండి, రుచి కాస్త మారినా చేదు రాదు. దగ్గొచ్చేది కారం పెనానికి తగలడం వల్ల. దోసె పైభాగం తడి ఆరాక మంట తగ్గించి, అంచుకు రెండు వేళ్లు వదిలి కారం రాయాలి. పైన పప్పులపొడి చల్లి, నూనె అంచుల వెంట మాత్రమే వేయండి. మధ్యలో పోస్తే కారం జారి పెనం మీద మాడుతుంది, తర్వాతి ఐదు దోసెలకూ ఆ మాడువాసనే పడుతుంది.