వేటకు వెళ్లే ముందు హద్దులు, హక్కుదారులు: టెక్సాస్‌లో కొత్తగా స్థిరపడినవారి సందేహం

ఫ్రిస్కోలో రెండేళ్లుగా ఉంటున్న ఒక తమ్ముడు అడిగిన సందేహం ఇది. నవంబరులో ఆఫీసు మిత్రులు జింకల వేటకు వెళ్తూ తననూ రమ్మంటున్నారని, ఫోర్ట్ వర్త్ దాటి పడమటికి వెళ్తే మైళ్ల కొద్దీ ఖాళీ భూములు కనిపిస్తున్నాయని, అవి ఎవరివో, ఎవరి భూమి ఎక్కడితో ఆగుతుందో తెలుసుకోవడం ఎలాగని, తెలుసుకోకుండా అడుగుపెడితే ఏమవుతుందని ఆయన అడిగారు. చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే అది తెలిస్తేగాని మిగతా శ్రమ ఎందుకు పడాలో అర్థం కాదు.

మన ఊళ్లలో పోరంబోకు, బంజరు, గయాళు అనే మాటలు వింటూ పెరిగాం కనుక కంచె దాటి ఎవరూ కనిపించని నేల చూడగానే అది ఎవరిదీ కాదనో, సర్కారుదనో అనిపించడం సహజం. టెక్సాస్‌లో సుమారు 95 శాతం భూమి ప్రైవేటు వ్యక్తులది. పొద చాటున ఇల్లు కనిపించకపోయినా, పదేళ్లుగా ఎవరూ దున్నకపోయినా దానికి యజమాని ఉంటాడు. ఆ యజమాని సమ్మతి లేకుండా వేటాడటం ఈ రాష్ట్రంలో దానంతట అదే నేరం. అలా వేటాడి తెల్లతోక జింకను చంపితే అది జరిమానాతో పోయే తప్పు కాదు, స్టేట్ జైల్ ఫెలొనీ, అంటే జైలుశిక్ష పడగల తీవ్ర నేరం అవుతుంది. వీసా దరఖాస్తు అయిన డీఎస్ 160 లోనూ, పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్ 400 లోనూ అరెస్టుల గురించి నేరుగా అడుగుతారు. ఇక్కడే పుట్టి పెరిగిన మిత్రుడికి ఒక చేదు అనుభవంగా మిగిలిపోయేది మీకు సంవత్సరాల తరబడి ప్రతి కాగితంలోనూ జవాబు చెప్పుకోవలసిన విషయమవుతుంది.

ఇంకొక మాట కూడా భూమి సంగతికి ముందే చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని అసలు వినలేదు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీగాని, కనీసం ఒక తూటాగాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. మిత్రుడి తుపాకీని కాసేపు చేతిలో పట్టుకోవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఈ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో మనకు అందుబాటులో ఉండేది ఒక్కటే: అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయి, గడువు తీరని వేట లైసెన్సు మీ దగ్గర ఉండటం. ఇక్కడే మనవాళ్లు పొరపడతారు. ప్రైవేటు భూమిలో యజమాని సమ్మతితో అడవి పందులను వేటాడటానికి 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో లైసెన్సు అవసరం లేదు. అది విని లైసెన్సు కొనకుండా పందుల వేటకు వెళ్లిన హెచ్1బీ ఉద్యోగి రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు చేయడు గాని, ఫెడరల్ మినహాయింపును మాత్రం పోగొట్టుకుంటాడు. పాతిక డాలర్ల లైసెన్సు దగ్గర పొదుపు చేయకండి. ఆ ధర ఆరు నెలలకు పైగా ఇక్కడ నివసించినవారికి వర్తిస్తుంది. లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ కూడా పూర్తి చేయాలి. మీ వీసా పరిస్థితిలో ఏ మాత్రం మెలిక ఉన్నా తుపాకీ ముట్టుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి.

ఇక భూమి సంగతి. ఈ రాష్ట్రంలో 254 కౌంటీలున్నాయి, భూముల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్టులు కౌంటీల వారీగా ఉంటాయి. పన్ను వేయడానికి వాళ్లు తయారు చేసుకున్న పటాన్ని దాదాపు ప్రతిచోటా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. పటంలో మీరు చూసిన ముక్క మీద నొక్కితే యజమాని పేరు, ఉత్తరాలు అందే చిరునామా, ఎకరాలు, భూమి వర్ణన కనిపిస్తాయి. మన మీభూమిలో అడంగల్ చూసినట్టే అనుకోండి. వర్ణనలో అబ్‌స్ట్రాక్టు అని ఒక నంబరు ఉంటుంది, అది మన సర్వే నంబరు లాంటిది. స్పెయిన్, మెక్సికో, ఆపైన టెక్సాస్ రిపబ్లిక్, రాష్ట్రం మొదట ఎవరికి ఎంత భూమి ఇచ్చాయో ఆ గ్రాంటును బట్టి వచ్చిన నంబరు అది. అందుకే చాలా రాష్ట్రాల్లో మాదిరిగా ఇక్కడి భూమి మైలుకు మైలు చదరపు గళ్లుగా ఉండదు. ఏటి వంపుల వెంట, పాత దారుల వెంట అడ్డదిడ్డంగా ఉంటుంది. పాత దస్తావేజుల్లో పొడవులు ‘వారా’ అనే పాత స్పానిష్ కొలతలో ఉంటాయి, ఒక వారా అంటే 33⅓ అంగుళాలు.

అప్రైజల్ పటంలో కనిపించిన పేరును అంతిమం అనుకోవద్దు. ఈమధ్యే అమ్మకం జరిగి ఉంటే పాత పేరే ఉండవచ్చు. ఖచ్చితంగా కావాలంటే కౌంటీ క్లర్కు కార్యాలయంలో నమోదైన దస్తావేజును చూడాలి. పేరు స్థానంలో ఎల్ఎల్‌సీ ఉంటే రాష్ట్ర పన్నులు చూసే అధికారి అయిన కంప్ట్రోలర్ నిర్వహించే పన్ను ఖాతాల శోధనలో ఆ కంపెనీ తరఫున కాగితాలు అందుకునే వ్యక్తి వివరం దొరుకుతుంది. న్యాయమూర్తులు, పోలీసులు వంటి కొందరు తమ పేరు బయటికి కనిపించకుండా పెట్టుకునే వీలుంది, అలాంటి చోట పక్క రైతును అడగడమే దారి. అన్నిటికన్నా చిక్కయినది వారసుల భూమి. తాతగారి పేరు మీద ఎస్టేట్ అని గాని, ఒక పేరు పక్కన ఎట్ ఆల్ అని గాని కనిపిస్తే నలుగురో ఆరుగురో ఉమ్మడి హక్కుదారులున్నట్టు లెక్క. హ్యూస్టన్‌లో ఉన్న కొడుకు సరేనన్నా, పక్క ఊళ్లో ఉన్న కూతురు వేట చట్టాలు అమలు చేసే అధికారి అయిన గేమ్ వార్డెన్‌కు ఫోన్ చేయవచ్చు. ఉమ్మడి ఆస్తి తగాదాలు మనకు ఒకరు చెప్పాలా? భూమి వ్యవహారం ఎవరు చూస్తున్నారో కనుక్కుని, వారి మాటనే పట్టుకోండి.

యజమాని ఒకరు, పశువులు మేపుకోవడానికి కౌలుకు తీసుకున్నవారు ఒకరు, వేట హక్కును సీజనుకింతని డబ్బు కట్టి తీసుకున్నవారు ఇంకొకరు కావచ్చు. నూనె బావి నడిపేవాడికి లోపలికి వెళ్లే హక్కు ఉంటుంది గాని మీకు వేటకు అనుమతి ఇచ్చే హక్కు ఉండదు. గేటు దగ్గర కనిపించిన పనివాడు చేయి ఊపి రమ్మన్నాడని వెళ్లడం సమ్మతి కిందికి రాదు. కాబట్టి యజమానితో మాట్లాడినప్పుడు తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఇది: వేట లీజు ఇప్పటికే ఎవరికైనా ఇచ్చారా?

హద్దుల విషయంలో నేను స్వయంగా పడిన పొరపాటు ఒకటి చెబుతాను. వేట మొదలుపెట్టిన మూడో ఏడాది ఒక పెద్దాయన తన ర్యాంచ్‌లో జింకలు వేటాడుకోవడానికి ఒప్పుకున్నారు. పడమటి వైపు ముళ్లకంచె తీగ గీసినట్టు తిన్నగా ఉంది, దాన్నే హద్దు అనుకుని కంచెకు ఇవతల, పశువుల కుంటకు ఎదురుగా మంచె కట్టుకున్నాను. రెండో వారం పొరుగు రైతు పికప్‌లో వచ్చి, మంచె ఉన్నది తన నేలలో అని మర్యాదగానే చెప్పాడు. నేను కంచె చూపించాను. ఆయన ఏమీ అనకుండా నన్ను వెంటబెట్టుకుని ఒక మెస్కీట్ చెట్టు దగ్గరికి నడిచి, బూటుతో ఎండుటాకులు పక్కకు తోశాడు. మట్టిలో బొటనవేలంత ఇనుప చువ్వ, దాని తల మీద పసుపు ప్లాస్టిక్ టోపీ, ఆ టోపీ మీద సర్వేయరు నంబరు. మన హద్దు రాయి లాంటిదే అది. వాగు పొంగినప్పుడల్లా కొట్టుకుపోతోందని ఇరు కుటుంబాల పాతతరం వాళ్లు మాట్లాడుకుని కంచెను గట్టి నేల మీదికి జరిపారట. భూమి మాత్రం ఎవరిది వారిదే. ఆయన ఫిర్యాదు చేయలేదు. కాని నా వల్ల పొరుగువాడి ముందు మాట పడవలసి వచ్చిందని మా పెద్దాయన చాలా నొచ్చుకున్నారు, మరుసటి ఏడాది నాకు అనుమతి ఇవ్వలేదు. అడగవలసిన ఒక్క ప్రశ్న అడగనందుకు ఆయన స్నేహాన్ని కోల్పోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి కంచెను సాక్ష్యంగా తీసుకోవడం మానేశాను. ఆన్‌ఎక్స్, హంట్‌స్టాండ్ వంటి ఫోన్ యాప్‌లు ఎంతో ఉపయోగపడతాయి, నిల్చున్న చోట యజమాని పేరు, గీత రెండూ చూపిస్తాయి. కాని ఆ గీతలు ప్రధానంగా పన్ను పటాల నుంచి వచ్చినవే గాని సర్వే చేసి గీసినవి కావు. వాటికి ఫోన్ జీపీఎస్ తేడా తోడైతే అసలు గీత ఎన్నో అడుగులు అటూ ఇటూ కావచ్చు. చెట్ల గుబురు కింద తేడా ఇంకా పెరుగుతుంది. నా పద్ధతి ఏమిటంటే, యాప్ చూపిన గీతకు కనీసం వంద గజాల లోపలే ఉంటాను, అంతకన్నా దగ్గరగా వెళ్లవలసి వస్తే యజమానితో కలిసి హద్దు వెంట నడిచి మూలలు చూపించమంటాను. దస్తావేజులో మన చెక్కుబందీ లాగే ఏ మూల నుంచి ఏ దిక్కుకు ఎంత దూరం అని రాసి ఉంటుంది, దాని నకలు చూపించడానికి చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. వేట భూముల్లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, పటాన్ని ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి.

కంచె స్తంభాల మీద, చెట్ల మీద ఊదారంగు గీతలు కనిపిస్తే ఎవరో సరదాకు పూసినవి అనుకోకండి. టెక్సాస్‌లో అది చట్టం గుర్తించిన ప్రవేశ నిషేధం, బోర్డుతో సమానం. గీత నిలువుగా, కనీసం 8 అంగుళాల పొడవు, 1 అంగుళం వెడల్పు ఉండాలి. దాని కింది కొన నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉండాలి. అడవి భూమిలో గీతకూ గీతకూ మధ్య 100 అడుగులు, మిగతా చోట్ల 1,000 అడుగులు మించకూడదు. అయితే రంగు లేదు, బోర్డు లేదు కాబట్టి వెళ్లవచ్చు అనే వాదన వేటకు ఇక్కడ పనికిరాదు, సమ్మతి ఎలాగూ కావాలి. నోటీసు పెట్టని భూమిలో వేటకు వీలున్న ఉత్తర డకోటా వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన మిత్రుల సలహాను ఇక్కడ పాటించకండి. డెకేటర్ దగ్గరి ఎల్‌బీజే నేషనల్ గ్రాస్‌ల్యాండ్‌లో సుమారు 20,000 ఎకరాల ప్రజల భూమి ఉంది, కాని అది ప్రైవేటు భూముల మధ్య ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంది. అక్కడికి వెళ్లినా పటం చేతిలో ఉండవలసిందే.

అనుమతి అడిగే పద్ధతికి వస్తే, సీజను ముగిసిన తరువాత ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. నవంబరు మొదటి వారంలో తలుపు తట్టేవాడిని ఎవరూ ఇష్టపడరు. ముందు చేత్తో ఒక ఉత్తరం రాయండి. మీరెవరు, ఎక్కడ పని చేస్తారు, ఏ జంతువును, ఎన్ని రోజులు, ఎంతమందితో వేటాడాలనుకుంటున్నారు, మీ ఫోన్ నంబరు, కారు నంబరు అన్నీ అందులో ఉండాలి. ఆ తరువాత పగటిపూట, మామూలు బట్టల్లో, కారులో తుపాకీ లేకుండా వెళ్లండి. మూసిన గేటు తీసుకుని లోపలికి వెళ్లకండి. నా అభిప్రాయంలో మొదట జింకలు అడగకూడదు. జింకల వేట ఇక్కడ రైతుకు ఆదాయం, దాన్ని ఊరికే ఇమ్మంటే ఆయనకు ఇబ్బంది. అడవి పందులు వేరు; అవి పచ్చిక బయళ్లను తవ్వి పాడుచేస్తాయి, వాటికి సీజను గాని పరిమితి గాని లేదు, వాటిని తగ్గించడానికి వస్తానంటే చాలామంది సంతోషిస్తారు. ఒక వేసవి శనివారం కంచె మరమ్మతుకు చేయి వేయండి. జింకల మాట ఆయనే ఎత్తుతారు.

నోటి మాటగా సరేనన్నా సరే, ఒక పేజీ కాగితం మీద రాయించుకోండి. తేదీలు, వేట జంతువులు, వాహనం ఎక్కడ నిలపాలి, ఏ మూలకు వెళ్లకూడదు అనేవి రాసి, అప్రైజల్ పటాన్ని ప్రింటు తీసి హద్దులు పెన్నుతో గీసి, ఇద్దరూ సంతకం చేయండి. ఒక ప్రతి ట్రక్కు గ్లవ్ బాక్సులో ఉండాలి.

పొరుగు భూముల యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఆ కాగితం వెనుక రాసుకోండి, వాటి అవసరం తప్పకుండా వస్తుంది. మీరు కాల్చిన తూటా హద్దు దాటి పక్క భూమిలోకి వెళ్లడం, అవతలి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, నేరమే. మీ వైపు నిలబడి న్యాయంగా కొట్టిన జింక గాయంతో కంచె దూకి అవతల పడినా, ఆ భూమి యజమాని సమ్మతి లేకుండా దాని వెంట వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. సాయంత్రం చీకటి పడుతుంటే, కళ్లెదుట గాయపడిన జంతువు కనిపిస్తుంటే, వెళ్లిపోదామనే అనిపిస్తుంది. తుపాకీ ఖాళీ చేసి, కంచెకు ఇవతలే ఆగి, కాగితం వెనక్కి తిప్పి ఆ నంబరుకు ఫోన్ చేయండి. నాకు ఆ అవసరం రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ అవతలి రైతు టార్చిలైటు పట్టుకుని తానే వచ్చి, జింకను వెతకడానికి నాతోపాటు నడిచాడు.